నలభై ఒకటో పాప

ఐదో అంతస్తులో ఆమెను అందరూ హాఫ్ టికెట్ అని పిలుస్తారు. డిగ్రీ రెండో ఏడు సగంలో ఉండగా పెళ్ళయింది, ఆ వెంటనే కడుపు, పుస్తకాలు అటకెక్కాయి. ఉద్యోగంలో చేరిన రోజు పెద్ద ఇంజనీరు "ఎంతవరకు చదివావమ్మా?" అని అడిగితే "సగం డిగ్రీ సార్" అంది. "అయితే హాఫ్ టికెట్టన్నమాట. కూర్చో" అన్నాడాయన. ఆ పేరే ఖాయమైపోయింది. ఆయన్ని మాత్రం అంతా మేస్త్రి అంటారు. ఆ గదిలోని మిషన్లన్నీ ఆయన చేత్తో నిలబెట్టినవే.

ఆ కంపెనీ ఊరంతా పిల్లల కేంద్రాలు నడుపుతుంది. ఉద్యోగాలకు పోయే తల్లులు పొద్దున పిల్లల్ని అక్కడ దింపి, సాయంత్రం తీసుకుపోతారు. ఒక కేంద్రం ఆ భవనం కింది అంతస్తులోనే ఉంది. హాఫ్ టికెట్ కూతురు, మూడేళ్ళ బుజ్జి, రోజంతా అక్కడే ఉంటుంది. పైన అమ్మ, కింద కూతురు. మధ్యలో నాలుగు అంతస్తులే కదా అని అందరూ ధైర్యం చెబుతారు. ఆమెకు మాత్రం ఆ నాలుగూ నాలుగు ఊళ్ళలా ఉంటాయి. గంటకోసారి ఏదో వంక పెట్టుకుని కిందికి పోయి సగం తలుపు మీదుగా తొంగి చూసి వస్తుంది. "నీ కూతుర్నెవరూ కొరుక్కుతినరమ్మా, పో, పని చూసుకో" అని ఆయమ్మ తరుముతుంది.

ఒక బిడ్డను ఆ కేంద్రం నుంచి బయటికి పంపాలంటే ముగ్గురు ఒప్పుకోవాలి. గదిలో ఆయమ్మ నొక్కే పలక, గేటు, తల్లి ఫోను. పైన ఉన్న మిషను ఈ ముగ్గురి మధ్యా మధ్యవర్తి. ముందు ఒక్కొక్కరినీ "సిద్ధమా?" అని అడుగుతుంది. ముగ్గురూ "సిద్ధం" అన్నాకే "కానివ్వండి" అంటుంది. అప్పుడే గేటు తెరుచుకుంటుంది, బిడ్డ పేరు గది జాబితాలోంచి పోతుంది. ఒక్కరు కాదన్నా ఏదీ జరగనట్టే. ఒకసారి సిద్ధం అన్నవాళ్ళు మాత్రం మధ్యవర్తి మాట వచ్చేదాకా ముందుకూ పోకూడదు, వెనక్కీ రాకూడదు. పట్టుకున్నది పట్టుకునే నిలబడాలి.

"మాటిచ్చి నిలబడ్డవాళ్ళ దగ్గరే మధ్యవర్తి గుటుక్కుమందనుకో" అని మేస్త్రి మొదటి వారంలోనే చెప్పాడు, "అప్పుడు ఆ పని గాల్లో వేలాడుతుంది. జరిగిందీ కాదు, జరగందీ కాదు. అలాంటివి నా కళ్ళబడితే నాకు అన్నం సయించదు."

అందుకే మిషన్లు రెండు. ఒకదాని పేరు అక్క, ఇంకోదాని పేరు చెల్లి. అక్క పనిచేస్తుంటే చెల్లి ఊరికే చూస్తూ ఉంటుంది. అక్క పడిపోతే అరనిమిషంలో చెల్లి ఆ పని అందుకుంటుంది. ఎవరు ఏమన్నారో అక్క ఎప్పటికప్పుడు ఒక చిట్టాలో రాస్తుంది. ఆ చిట్టా ఇద్దరికీ అందే ఉమ్మడి డిస్కులో ఉంటే, చెల్లి లేచి అది చదువుకుని, ఆగిపోయిన పనులన్నీ ఆగినచోటు నుంచే పూర్తిచేస్తుంది.

ఉండాల్సింది ఉమ్మడి డిస్కులోనే. కానీ మూడు వారాల కిందట అక్కకు కొత్త సాఫ్ట్‌వేర్ వేసే పని మేస్త్రి హాఫ్ టికెట్‌కు అప్పగించాడు. చిట్టా ఎక్కడ పెట్టాలి అని అడిగే పేజీ తెర మీద ఉండగా, బల్ల మీది ఫోను మోగింది. ఆయమ్మ. "పాప ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉందమ్మా." అంతే, ఆమె కళ్ళకిక అక్షరాలు ఆనలేదు. ఆ గడిలో ముందే రాసి ఉన్న అక్క సొంత డిస్కు పేరు అలాగే వదిలేసి, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ అని నొక్కి కిందికి పరుగెత్తింది. సాయంత్రానికి జ్వరం తగ్గింది. చేసిన తప్పు ఆమెకు మర్నాడు గుర్తుకొచ్చింది. చెబితే ఉద్యోగం పోతుందేమో, ఉద్యోగం పోతే కింద పాపకు చోటూ పోతుంది. రేపు సరిచేద్దాం, ఎల్లుండి సరిచేద్దాం అనుకుంది. అక్క ఎప్పుడూ పడలేదు కదా!

ఒక బుధవారం అక్క పడింది.

సాయంత్రం ఐదు గంటలకు అక్క ఫ్యాన్లు వింతగా ఊళ పెట్టడం మొదలుపెట్టాయి. హాఫ్ టికెట్ తన ఫోను గుమ్మం బయట ఉన్న స్టీలు ట్రేలో పడేసి మిషన్ల గదిలోకి పరుగెత్తింది. లోపలికి ఫోన్లు తీసుకుపోకూడదని అక్కడ నియమం. ఆ రోజు పాపను తీసుకుపోయే వంతు వాళ్ళాయనది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను, ఐదింటికి వస్తానన్నాడు. ఆ సంగతి ఆమె మనసులో ఒక మూల ఉంది. ఐదూ పదికి అక్క ఒక్కసారిగా మూగబోయింది. ఫ్యాన్లు తిరగడం మానేశాక గదిలో మిగిలిన ఆ నిశ్శబ్దానికి ఆమె చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

చెల్లి లేచింది. చిట్టా కోసం ఉమ్మడి డిస్కులో చూసింది. ఖాళీ.

"ఇదేం చోద్యం? చిట్టా తెల్లకాగితంలా ఉందేంటి?" మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. "సర్లే, అది తర్వాత చూద్దాం. ఎన్ని వేలాడుతున్నాయి?"

"సిద్ధమని ఆగిపోయిన గేట్లను బట్టి నలభై ఒకటి సార్."

"ఫోన్లందుకో. కేంద్రం కేంద్రానికీ చెయ్యి. పిల్ల వెళ్ళిందా, ఉందా అని కళ్ళతో చూసినవాళ్ళ నోటి నుంచి వినాలి. వినకుండా ఒక్కటి కూడా తేల్చొద్దు. అర్థమైందా? ఒక్కటి కూడా!"

ఆయన చెడిపోయిన డిస్కుల సంగతి చూడటానికి లోపలికి పోయాడు. ఆమె బయటి గదిలో బల్ల మీది ఫోనందుకుంది. ఒక్కో ఆయా చెప్పినదాన్ని బట్టి చెల్లి చేత జరిగింది అనో జరగలేదు అనో చెప్పిస్తూ పోయింది. నలభై తేలాయి. నలభై ఒకటోది తెర మీద మిగిలింది.

అది బుజ్జి.

గది: సిద్ధం. గేటు: సిద్ధం. మూడో గడి ఖాళీ.

వాళ్ళాయనకు చేసింది, స్విచాఫ్. ఆయమ్మకు చేసింది, లైను దొరకలేదు. మళ్ళీ చేసింది, దొరకలేదు. కిందికి పోదామంటే బల్ల వదలడానికి లేదు, పక్కన ఇంకో ఫోను మోగుతూనే ఉంది. పాప బయటికి వెళ్ళిందని రాస్తే, నిజంగా వెళ్ళకపోతే? ఎవరి చేతిలోనో పడితే? లోపలే ఉందని రాస్తే ఏ బాధా లేదు. లోపలుంటే నాలుగు గోడల మధ్య క్షేమంగా ఉన్నట్టే కదా. తల్లి బుద్ధి అలాగే ఆలోచించింది. ఎవరినీ అడగకుండా, ఎవరి నోటా వినకుండా "జరగలేదు" అని నొక్కేసింది.

నలభై ఒకటో వరుస తెర మీద నుంచి చెరిగిపోయింది.

పని తెమిలి కిందికి దిగితే, మీ ఆయన పాపను తీసుకుపోతుంటే చూశానని వాచ్‌మన్ అన్నాడు. ఇంటికి వచ్చేసరికి ఆరున్నర. తలుపు తీయగానే సోఫా మీద బుజ్జి కనబడింది. ప్రాణం లేచొచ్చింది. వాళ్ళాయన వంటింట్లోంచి అరిచాడు.

"వచ్చావా మహాతల్లీ! నా ఫోనులో చార్జింగు చచ్చింది. అక్కడ ఒకటే జనం. నీ ఫోనుకు ప్రశ్న పోయిందట, నువ్వు పలకలేదట. ఓ ఐదు నిమిషాలు నిలబడ్డాం, గేటు దానంతటదే తెరుచుకుంది. వచ్చేశాం."

తెరుచుకుంటుంది మరి. మధ్యవర్తి చాలాసేపు పలక్కపోతే, పిల్లలు లోపల ఇరుక్కుపోకూడదని గేటు తనంతట తనే తెరుచుకుంటుంది. హమ్మయ్య అనుకుంది.

"బుజ్జీ, బూట్లు విప్పలేదేంటమ్మా?"

పాప రెండు చేతులతో సంచి పట్టీని పట్టుకుని, సోఫా అంచున నిటారుగా కూర్చుని ఉంది. తలుపు వైపే చూస్తోంది.

"అమ్మ వచ్చాక విప్పుతా."

"నేను వచ్చేశాగా!"

పాప ఆమె మొహంలోకి చూసింది. పక్కింటావిణ్ణి చూసినట్టు, మర్యాదగా చూసింది.

"మా అమ్మ వస్తుంది ఆంటీ. ఇక్కడే ఉండమంది."

వాళ్ళాయన పగలబడి నవ్వాడు. "అయిపోయింది నీ పని! రోజూ లేటుగా వస్తే అంతే, ఆంటీవైపోతావ్. దారంతా నాతోనూ మాట్లాడలేదు, అలిగింది." దగ్గరికొచ్చి సంచి లాగబోయాడు. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాడు. "అబ్బో, ఉడుంపట్టు పట్టిందే!" అన్నాడు గానీ ఆ మాట చివర్లో నవ్వు లేదు. లిఫ్టు తాళ్ళు బిగించే చేతులతో లాగినా ఆ చిన్నవేళ్ళు ఒక్కటి కూడా కదల్లేదు. పాప ఏడవలేదు కూడా.

ఏడు గంటలకు ఆయమ్మ ఫోను. స్పీకరులో పెట్టింది.

"ఏమమ్మా, ఇంకా రాలేదేం? పొద్దుపోయింది, నేనింటికి పోవద్దా?"

"దేనికి రావాలి ఆయమ్మా?"

"బాగుంది! పాపను తీసుకుపోవడానికి. జాబితాలో పేరుంది. పేరుంటే గదికి తాళం పడదని నీకు తెలీదా, పైన కూర్చుని మాకు నేర్పించేదానివి!"

"పాప ఇక్కడే ఉంది. నా ఎదురుగా కూర్చుని ఉంది."

ఆయమ్మ గొంతు తగ్గించింది.

"నేనూ అదే అనుకున్నా. గదంతా చూశా, ఎవరూ లేరు. కానీ లైటు ఆరట్లేదమ్మా. మూల ఉన్న లైటు. మనిషి కదిల్తేనే వెలిగేది కదా అది? నేను గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడ్డా. ఆరుతుంది, మళ్ళీ వెలుగుతుంది. ఆరుతుంది, మళ్ళీ వెలుగుతుంది. ఆ మూల కుర్చీ మీ పాపది."

సోఫా మీద బుజ్జి తల తిప్పకుండానే అడిగింది: "అమ్మ వచ్చిందా?"

ఒక్క క్షణం గడిచింది. ఫోనులో, ఆయమ్మ గొంతుకు వెనకాల ఎక్కడో, అదే గొంతు అదే ప్రశ్న అడిగింది.

"మన ఫోనులో మన మాటే తిరిగి మోగింది" అన్నాడు వాళ్ళాయన. అంటూనే లేచి, ఎందుకో తలుపు గడియ చూసి వచ్చాడు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ పడుకోలేదు. పాలు కలిపిస్తే పాప గ్లాసు వైపు చూడలేదు, పట్టుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఒళ్ళోకి తీసుకుంటే బరువు తెలియలేదు. పొద్దున ఎనిమిదిన్నరకు అలాగే, బూట్లతో, సంచితో, ఇద్దరూ చెరో పక్కా నడిచి పాపను కేంద్రానికి తీసుకొచ్చారు.

గేటు ఎర్ర దీపం వేసింది.

ఆయమ్మ సగం తలుపు అవతల నిలబడి తల అడ్డంగా ఊపింది. ఎప్పుడూ నోరు మూయని మనిషి ఆ రోజు పొడిగా మాట్లాడింది. "లోపలున్నదాన్ని మళ్ళీ లోపలికెలా తీసుకోమంటావమ్మా? గేటు ఒప్పుకోవట్లేదు. నువ్వు తేల్చుకుని రా."

గదిలో అప్పటికే వచ్చిన పిల్లలు ఆడుకుంటున్నారు. మూల ఉన్న కుర్చీ దగ్గరికి మాత్రం ఎవరూ పోవడం లేదు. ఆ చుట్టుపక్కల బొమ్మలు కూడా లేవు.

హాఫ్ టికెట్ భర్తనూ పాపనూ బయటి బెంచీ మీద కూర్చోబెట్టింది. "ఏవండీ, కదలకండి. ఆ చెయ్యి వదలకండి" అని, మెట్ల మీద పరుగెత్తింది. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేదు. ఎక్కుతుండగా ఒక సంగతి గుర్తొచ్చింది. పిల్లల వివరాలున్న డిస్కు చెడిపోతే దాన్ని ముక్కలు చేసేయాలని నియమం. వాటిని తీసుకుపోయే బండి పదకొండింటికి వస్తుంది. అక్క ఏమడిగిందో, ఎవరేం జవాబిచ్చారో రాసి ఉన్న చిట్టా ఆ డిస్కులోనే ఉంది. ఆ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే.

మేస్త్రి టీ తాగుతున్నాడు. డిస్కులు పక్కనే అట్టపెట్టెలో ఉన్నాయి, పైన ఎర్ర మార్కరుతో కొట్టివేత గుర్తు.

"సార్, ఆ పెట్టె పంపొద్దు. చిట్టా పోలేదు. అక్క డిస్కులో ఉంది. నేనే పెట్టాను."

ఆయన గ్లాసు దించాడు. ఆమె అంతా చెప్పింది. జ్వరం, ఫినిష్ నొక్కడం, మూడు వారాలు నోరు కుట్టేసుకోవడం, నలభై ఒకటోది, ఇంట్లో సోఫా, కింద లైటు. చెప్పేటప్పుడు ఏడవలేదు, చివర్లో దగ్గొచ్చింది.

తిడతాడనుకుంది. ఆయన ఒక్కటే అడిగాడు.

"ఎవరినడిగి తేల్చావు?"

"ఎవర్నీ అడగలేదు సార్. లోపలే ఉంటే క్షేమంగా ఉంటుందని..."

"క్షేమం!" ఆయన లేచి పెట్టె విప్పాడు. "నిన్న చేరినోళ్ళు కూడా చెయ్యని తప్పు చేశావే, హాఫ్ టికెట్టూ. పద. తిట్లు తర్వాత, వాటికి గడువు లేదు."

తీరా చూస్తే అక్క ఒంట్లో చెడింది డిస్కు కాదు, కరెంటు సరఫరా చేసే భాగం. అది మార్చి, డిస్కు తిరిగి బిగించేసరికి పదిన్నర. మీట నొక్కాడు. ఫ్యాన్లు మెల్లగా అందుకున్నాయి. అక్కకు నిన్న సాయంత్రం తర్వాత ఏం జరిగిందో తెలియదు. చెల్లి ఏం చెప్పిందో తెలియదు. దానికి ఇంకా నిన్నటి ఐదూ పదే.

నిన్న తేలిన నలభై వరుసలూ పక్కన పెట్టాక, చిట్టాలో చివరి వరుస తెర మీదికి వచ్చింది. మేస్త్రి వేలు పెట్టి చదివాడు.

"గది, సిద్ధం. గేటు, సిద్ధం. తల్లి..." ఆగాడు. "తల్లిని అడిగింది. జవాబు రాలేదు. జవాబు రాకుండా ఇది కానివ్వండీ అనలేదు, వద్దూ అనలేదు. నిన్న ఇక్కడ కాచుకుని కూర్చున్నది పాప ఒక్కతే కాదు."

నిన్న ఐదింటికి తన ఫోను స్టీలు ట్రేలో ఉంది. ప్రశ్న దానికే వచ్చింది. ఆ తర్వాత తను చెల్లి చేత "జరగలేదు" అనిపించగానే ఆ ప్రశ్న ఫోను మీద నుంచి చెరిగిపోయింది. కళ్ళబడనైనా లేదు. మూడో గడి తనదని ఆ గాభరాలో తట్టనే లేదు.

అక్క తన అలవాటు ప్రకారం, ఆగినచోటు నుంచే మళ్ళీ అందరినీ అడగడం మొదలుపెట్టింది. గది: సిద్ధం. గేటు: సిద్ధం. గుమ్మం బయట ట్రేలో, స్టీలు మీద ఫోను గరగరమని అదిరింది.

ఆమె పరుగెత్తి అందుకుంది. తెర మీద బుజ్జి ఫొటో, కింద ఒకే వాక్యం: మీ పాపను తీసుకెళ్ళడానికి సిద్ధమా? బొటనవేలు అవును మీదికి పోయింది.

"ఆగు!" మేస్త్రి కేకకు ఆమె ఉలిక్కిపడింది. "మళ్ళీ అదే తప్పా? ఇక్కడ నిలబడి నొక్కుతావా? కిందికి పో. కళ్ళతో చూసి అప్పుడు నొక్కు. నేనిక్కడ దీన్ని పడనివ్వను, పో!"

నాలుగు అంతస్తులు ఎలా దిగిందో ఆమెకు తెలియదు. బెంచీ మీద వాళ్ళాయన పాపను పట్టుకుని ఉన్నాడు. పట్టీ బిగించిన చిన్నవేళ్ళు తెల్లగా పాలిపోయాయి.

"తొందరగా ఏదో ఒకటి చెయ్యవే" అన్నాడు. "చెయ్యి పట్టుకునే ఉన్నా, కానీ పట్టుకున్నట్టు లేదు."

పాప మొహంలోకి చూస్తే అటే పరుగెత్తి హత్తుకోవాలనిపించింది. కానీ ఎదురుచూస్తున్నది ఎక్కడుందో ఆమెకు తెలుసు. సగం తలుపు దగ్గర నిలబడి గదిలోకి చూసింది. పిల్లలంతా ఆటలు ఆపేశారు. మూల కుర్చీ మీద ఎవరూ లేరు. దాని పైన లైటు వెలుగుతోంది. కుర్చీ ముందు నేల మీద, బూట్లతో కాళ్ళు ఊపినంత మేర, దుమ్ము చెదిరిపోయి ఉంది.

"ఆయమ్మా, ఆ కుర్చీలో..."

"నాకేం కనబడదమ్మా" అంది ఆయమ్మ మెల్లగా. "నీకు కనబడాలి."

ఆమె ఖాళీ కుర్చీ వైపు వంగి, రోజూ పిలిచినట్టే పిలిచింది.

"బుజ్జీ, అమ్మ వచ్చింది. పద పోదాం."

అవును నొక్కింది.

ఒక ఊపిరి కాలం ఏమీ జరగలేదు. మూల లైటు ఆరింది. ఆమె చూస్తూ నిలబడింది. ఇక వెలగలేదు. సగం తలుపు దానంతటదే చిన్నగా లోపలి నుంచి బయటికి తెరుచుకుని, ఆమె మోకాలిని రాసుకుంటూ చల్లటి గాలి ఏదో దాటిపోయింది. గేటు ఆకుపచ్చ దీపం వేసింది. వెనక బెంచీ దగ్గర సంచి దబ్బున నేలకు పడింది.

అప్పుడు పాప ఏడ్చింది. ఒకరోజు ఏడుపంతా ఒక్కసారే ఏడ్చింది. వాళ్ళాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే "ఒకటే బరువు! ఎత్తలేకపోతున్నా, నువ్వు తీసుకో" అని ఆమె చేతుల్లో పెట్టాడు. నిజంగానే బరువుంది. ఆ బరువును ఆమె ఎంతసేపు మోసిందో ఎవరూ లెక్కపెట్టలేదు. పదకొండింటికి వచ్చిన బండి ఖాళీగా వెళ్ళిపోయింది.

తప్పుల రిజిస్టరులో మేస్త్రి ఆ పేజీ తన చేత్తో రాయలేదు. ఆమె చేతే రాయించాడు, ఒక్క మాట దాచకుండా. చిట్టాను ఉమ్మడి డిస్కులోకి మార్చే పనీ ఆమె చేతే చేయించి, ఆ గడి వంక మూడుసార్లు చూడమన్నాడు. ఉద్యోగం సంగతి పైవాళ్ళు తేలుస్తారన్నాడు. "అదీ వేలాడుతూనే ఉంటుంది కొన్నాళ్ళు. నీకు అలవాటు కావాలి కదా" అని, చల్లారిపోయిన టీ తాగాడు.

సాయంత్రం ఇంట్లో ఆమె పాప బూట్లు విప్పింది. అరికాళ్ళు మంచులా ఉన్నాయి. రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతుంటే పాప ఆమె మొహాన్నే చూస్తూ ఉంది. ఈసారి ఆంటీని చూసినట్టు కాదు.

"అమ్మా, నిన్న నువ్వొచ్చావ్ కదా."

"ఎక్కడికమ్మా?"

"గది దగ్గరికి. అందరూ వెళ్ళిపోయాక. నేను సంచి తగిలించుకున్నా. నువ్వు తలుపు దగ్గర నిలబడి నన్ను చూశావ్." పాప కాలి వేళ్ళు ఆమె అరచేతిలో ముడుచుకున్నాయి. "చూసి, వద్దన్నావ్. ఎందుకు?"

నిన్న తను నొక్కిన "జరగలేదు" ఆమెకు గుర్తొచ్చింది. ఆ చల్లటి పాదాలను గుండెకు ఆనించుకుని అలాగే కూర్చుంది. జవాబు వచ్చేదాకా పాప అక్కడే, కదలకుండా, కాచుకుని ఉంది.